పొల్లు మింగిన ఐడీ కార్డుల సాఫ్ట్‌వేర్: తొమ్మిది నెలలు వాడాక నా సమీక్ష

కడపలో వై.వి. స్ట్రీట్ పక్క సందులో నాకు చిన్న డీటీపీ సెంటర్ ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు చేస్తుంటాను. జూన్, జూలై వచ్చిందంటే స్కూలు పిల్లల ఐడీ కార్డులు. ఏడాదిలో నాలుగు డబ్బులు గట్టిగా కళ్లజూసేది ఆ రెండు నెలల్లోనే. అందుకే పోయిన ఏడు మే నెలలో తొమ్మిదిన్నర వేలు పెట్టి ఒక ఐడీ కార్డుల సాఫ్ట్‌వేర్ కొన్నాను. అమ్మింది కోటిరెడ్డి సర్కిల్ దగ్గర ఒక షాపు, తయారుచేసింది వేరే ఊరి కంపెనీ. ఇద్దరి పేర్లూ రాయడం లేదు. నేను చెప్పబోయే లోపం ఈ ఒక్క సాఫ్ట్‌వేర్‌లోనే ఉందని నేను అనుకోవడం లేదు. కొనే ముందు ఏం అడగాలో తోటి డీటీపీ వాళ్లకు తెలిస్తే చాలు.

ముందు మంచి చెప్పాలి. ఎక్సెల్ షీటులో పేరు, తరగతి, తండ్రి పేరు, ఫోన్ నంబరు ఉంటే చాలు. ఫోటోలకు రోల్ నంబరు పెట్టి ఒక ఫోల్డర్లో వేస్తే ఎవరి ఫోటో వాళ్ల కార్డులో పడుతుంది. ముఖం మధ్యకు వచ్చేట్టు తనే కత్తిరించుకుంటుంది. అంతకుముందు కోరల్‌డ్రాలో ఒక్కో కార్డు చేతితో చేసేవాణ్ణి. ఆరు వందల కార్డులకు నాలుగు రోజులు పట్టేది, మెడలు పట్టేసేవి. ఇందులో 612 కార్డులు అరగంట లోపల పీడీఎఫ్ అయిపోయాయి. ఇన్‌స్టాల్ చేయడానికి వచ్చిన పిల్లోడు కూడా మంచోడు. సాయంత్రం దాకా కూర్చొని, నాకు చేయి తిరిగిందాకా చూపించి పోయినాడు. ఆ పిల్లోడి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

కార్డులు స్కూలుకు ఇచ్చిన మూడో రోజు ఒకాయన అంగడికి వచ్చినాడు. చేతిలో కొడుకు ఐడీ కార్డు.

"అన్నా, మా వాని పేరు ఇట్ల ఏంటికి రాసినారు?" అన్నాడు.

చూస్తే మస్తాన్‌వలి అని ఉండాల్సిన చోట మస్తాన్వలి అని ఉంది. న పొల్లుగా నిలవాల్సింది పోయి, వ దాని కింద వత్తుగా దూరింది. ఆయన కోపంగా అడగలేదు, అదే నాకు ఇంకా బాధ అనిపించింది. "దర్గాలో మొక్కుకొని పెట్టిన పేరన్నా" అన్నాడు. ఆ రాత్రి 612 కార్డులూ ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే 43 పేర్లు ఇట్లాగే పాడై ఉన్నాయి. చాంద్‌బాషా కాస్తా చాంద్బాషా అయింది. రాజ్‌కుమార్ రాజ్కుమార్ అయినాడు. ప్రదీప్‌రెడ్డి ప్రదీప్రెడ్డి అయినాడు. మన జిల్లాలో బాషాలు, వలీలు, రెడ్లు, కుమార్లు లేని తరగతి గది ఏది? ఇది ఎక్కడో వెయ్యికి ఒకటి తగిలే తప్పు కాదు.

తెలుగు టైపు చేసేవాళ్లకు ఈ సంగతి తెలుసు. న్ తర్వాత వ కొడితే కంప్యూటరు రెండింటినీ కలిపి వత్తు చేస్తుంది. పొల్లు పొల్లుగానే ఉండాలంటే మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరం పెట్టాలి. యూనికోడ్‌లో దాని నంబరు 200సి, పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. నా ఎక్సెల్ షీటులో ఆ అక్షరం ఆ 43 పేర్లలోనూ ఉంది. నేనే కూర్చొని పెట్టినాను. సాఫ్ట్‌వేర్ దాన్ని మింగేసింది.

షాపుకు ఫోన్ చేస్తే "అది ఫాంటు ప్రాబ్లం సార్" అన్నారు. ఫాంటు మార్చినాను. మండలి, రామభద్ర, సూరన్న, చేతికి దొరికినవన్నీ వేసి చూసినాను. అన్నిట్లోనూ అదే వరస. ఇంకోసారి ఫోన్ చేస్తే "మా ప్రోగ్రామర్ మానేసినాడు, కొత్తాయన వచ్చినాక చూస్తాం" అన్నారు. జూన్ పోయింది, జూలై పోయింది. ఆ 43 కార్డులూ నా ఖర్చుతో మళ్లీ వేసిచ్చినాను.

దసరా సెలవులకు మా మేనల్లుడు వచ్చినాడు. బెంగళూరులో ప్రోగ్రామర్ ఉద్యోగం. అంగట్లో టీ తాగుతా ఈ గోడు చెప్పుకుంటే, "మామా, ఆ సాఫ్ట్‌వేర్ ఫోల్డర్ తెరువు" అన్నాడు. నేను ఎప్పుడూ అందులోకి తొంగి చూడలేదు. డీఎల్‌ఎల్ ఫైళ్లు, అంటే ప్రోగ్రాం తన పనికి వాడుకునే కోడు ముక్కలు, బారుగా ఉన్నాయి. వాడు వేలు పెట్టి చూపించినాడు: లిబ్‌పాంగో, లిబ్‌కైరో, లిబ్‌గ్లిబ్, లిబ్‌హార్ఫ్‌బజ్.

"ఇవి వీళ్లు రాసినవి కాదు మామా. ఊరందరి సొత్తు" అన్నాడు.

లైబ్రరీ అంటే మన కడపలో ఎర్రముక్కపల్లిలోని బ్రౌన్ లైబ్రరీయే గుర్తొస్తుంది. ప్రోగ్రాముల్లో లైబ్రరీ అంటే ఒకరు రాసిపెట్టిన పనిముట్ల పెట్టె, దాన్ని ఎన్ని ప్రోగ్రాములైనా వాడుకోవచ్చు. పాంగో చేసే పని అక్షరాలను కూర్చి వరసలో పేర్చడం. మా నాయన ట్రెడిల్ ప్రెస్సులో కంపోజిటరు. ఆయన స్టిక్కులో అచ్చులు పేర్చినట్టు పాంగో తెర మీద పేరుస్తుంది. ఏ అక్షరానికి ఏ రూపం వాడాలో తేల్చేది హార్ఫ్‌బజ్, గీతలు గీసేది కైరో.

మేనల్లుడు రెండు పరీక్షలు చేసినాడు. మొదటిది: ఇంక్‌స్కేప్ అని స్వేచ్ఛగా దొరికే డిజైన్ ప్రోగ్రాం ఒకటుంది, అది కూడా పాంగోనే వాడుతుంది. అందులో అదే ఫాంటు పెట్టి, నా ఎక్సెల్ లోంచి మస్తాన్‌వలి కాపీ చేసి వేసినాడు. పొల్లు చక్కగా నిలబడింది. అంటే తప్పు ఫాంటుదీ కాదు, అసలు పాంగోదీ కాదు. రెండోది: ఐడీ కార్డుల ఫోల్డర్లో ఉన్న పాంగో ఏ వెర్షనో చూసి, అదే వెర్షన్ అసలు డీఎల్‌ఎల్ తెచ్చి దాని చోట పెట్టినాడు. ప్రోగ్రాం మొదలే కాలేదు. ఫలానా ప్రొసీజర్ ఎంట్రీ పాయింటు ఈ లైబ్రరీలో దొరకలేదని విండోస్ ఒక మెసేజ్ డబ్బా చూపించింది. ఆ ప్రొసీజర్ పేరు అసలు పాంగోలో ఎక్కడా లేదు. అంటే కంపెనీ వాళ్లు పాంగోను తెరిచి, లోపల తమకు కావలసింది కలిపి, మళ్లీ మూసినారు. పాత ఫాంట్లలో 200సికి బొమ్మ లేక అక్కడ ఖాళీ గడి కనబడుతుంటే, దాన్ని తీసేసే కోడు రాసి ఉంటారని మావాడి అంచనా. అదే నిజమైతే సరిచేయడానికి రెండు మూడు లైన్లు చాలు. సోర్స్, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడు, చేతికి రావాలి, అంతే.

ఇక్కడే అసలు విషయం ఉంది. పాంగో లైసెన్సు గ్నూ ఎల్‌జీపీఎల్. రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికా ప్రోగ్రామర్ 1983లో, అందరూ స్వేచ్ఛగా వాడుకొని మార్చుకోగల సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించినాడు, దాని తరఫున జీపీఎల్, అంటే జనరల్ పబ్లిక్ లైసెన్స్, వచ్చింది. జీపీఎల్ కోడును తమ ప్రోగ్రాంలో కలుపుకొని పంచితే, ఆ ప్రోగ్రాం మొత్తం అదే లైసెన్సు కిందికి వస్తుంది, దాని సోర్స్ కూడా ఇవ్వాలి. లైబ్రరీలకు అంత గట్టి షరతు పెడితే వాడేవాళ్లు తగ్గుతారని 1991లో కొంచెం మెత్తటి లైసెన్సు ఒకటి తెచ్చినారు. అదే ఎల్‌జీపీఎల్. అప్పుడు దాని పేరు లైబ్రరీ జనరల్ పబ్లిక్ లైసెన్స్. 1999లో లైబ్రరీ అనే మాట తీసి లెస్సర్ అని పెట్టినారు. ఇందులో వ్యాపారికి ఇచ్చిన వెసులుబాటు చాలా పెద్దది. నీ ప్రోగ్రాం నువ్వు మూసుకో, అమ్ముకో, కాపీ కాకుండా డాంగిల్ అనే తాళం ముక్క పెట్టుకో, నీ సోర్స్ ఎవరికీ ఇవ్వకున్నా సరే. అయితే మా లైబ్రరీని వాడినానని కొన్నవాడికి కనబడేట్టు చెప్పు. లైసెన్సు కాపీ ఒకటి చేతికివ్వు. లైబ్రరీలో నువ్వు ఏం మార్చినావో ఆ మార్పుతో సహా లైబ్రరీ సోర్స్ ఇవ్వు, లేదా అడిగితే ఇస్తానని కనీసం మూడేళ్లు చెల్లేట్టు రాసివ్వు. పంపిణీకి అయ్యే ఖర్చు తీసుకో, అంతకు మించి వద్దు. కొన్నవాడు లైబ్రరీని మార్చుకొని నీ ప్రోగ్రాంతో నడుపుకుంటానంటే అడ్డం పడొద్దు.

ఈ సాఫ్ట్‌వేర్ ఫోల్డర్లో లైసెన్సు ఫైలు ఒక్కటీ లేదు. పాంగో అనే మాట ఎక్కడా లేదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "అంగీకరిస్తున్నాను" అని నొక్కించుకునే కాగితంలో మాత్రం, ఇందులో ఏ భాగాన్నీ విప్పి చూడరాదు, మార్చరాదు, రివర్స్ ఇంజనీరింగ్ చేయరాదు అని రాసినారు. సొంత వాడకం కోసం చేసుకునే మార్పులకు, వాటిలోని తప్పులు పట్టుకోవడానికి చేసే రివర్స్ ఇంజనీరింగ్‌కు ఒప్పుకునే షరతులే పెట్టాలని ఎల్‌జీపీఎల్ చెబుతుంది. వీళ్లు సరిగ్గా దానికి ఎదురు రాసినారు.

ఫాంట్ల సంగతీ అంతే. "50 తెలుగు ఫాంట్లు ఉచితం" అని డబ్బా మీద వేసుకున్నారు. అందులో మండలి, రామభద్ర లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద అందరికీ ఇచ్చినవి. వాటిని సాఫ్ట్‌వేర్‌తో కలిపి అమ్మొచ్చు, తప్పేం లేదు. కాపీరైటు మాట, లైసెన్సు కాగితం కూడా పెట్టాలి. అవీ పెట్టలేదు. చిన్న టెక్స్టు ఫైలు పెట్టడానికి ఏం కష్టం?

నేను కంపెనీకి ఈమెయిల్ రాసినాను, తెలుగులోనే. మీ ప్రోగ్రాం సోర్స్ నాకు వద్దు, మీరు మార్చిన పాంగో సోర్స్ మాత్రం ఇవ్వండి, పంపడానికి ఖర్చయితే కడతాను అని. వారం తర్వాత ఫోన్ వచ్చింది. మాట్లాడినాయన మర్యాదగానే మాట్లాడినాడు.

"సోర్స్ ఇస్తే రేపు మీరే ఇంకో సాఫ్ట్‌వేర్ చేసి అమ్ముతారు కదా సార్" అన్నాడు.

"మీ ప్రోగ్రాం సోర్స్ కాదు సార్ నేనడిగేది, పాంగోది" అన్నాను.

"అది నెట్‌లో ఫ్రీగానే ఉంది కదా, దించుకోండి" అన్నాడు.

ఈ మాట దగ్గర చాలామంది వెనక్కి తగ్గుతారు. నేనూ మేనల్లుడు లేకుంటే తగ్గేవాణ్ణే. నెట్‌లో ఉన్నది అసలు పాంగో. నా కంప్యూటర్లో ఉన్నది వీళ్లు మార్చిన పాంగో. నాకు ఇచ్చిన డీఎల్‌ఎల్ ఏ సోర్స్ లోంచి తయారైందో ఆ సోర్స్ ఇస్తేనే షరతు తీరినట్టు. అదే చెప్పినాను. "మేము దానికి వేరేగా డబ్బులు తీసుకోలేదు కదా" అన్నాడు. డబ్బు తీసుకున్నా ఎవరూ తప్పు పట్టరు, దాచిపెట్టడమే తప్పు అని కూడా చెప్పినాను. కనుక్కుంటాం అని పెట్టేసినాడు.

డిసెంబరులో ఒక జిప్ ఫైలు పంపినారు. సంతోషంగా మేనల్లుడికి పంపినాను. వాడు రెండు రాత్రులు కూర్చొని కట్టి చూసినాడు. అది మార్పేమీ లేని అసలు పాంగో. ఒక్క లైను తేడా లేదు. దాంతో చేసిన డీఎల్‌ఎల్ పెడితే మళ్లీ అదే ఎంట్రీ పాయింటు డబ్బా. వాడు ఫోన్లో చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఒకటే అన్నాడు: "వాళ్లకు తెలియక పంపింటారని అనుకుందాం మామా."

నేనూ అట్లే అనుకొని మళ్లీ రాసినాను. జవాబు లేదు.

చిన్న విషయానికి ఇంత రచ్చ ఏంటికని మా వీధిలో ఒకరిద్దరు అడిగినారు. ట్రెడిల్ ప్రెస్సులో ఒక అచ్చు అరిగిపోతే మా నాయన కేసులోంచి ఇంకొకటి తీసి పెట్టేవాడు. బోల్టు ఊడితే తనే బిగించేవాడు. మిషన్ అమ్మినవాడు వచ్చి "నా మిషన్ ముట్టుకోకు" అనలేదు. ఇప్పుడు నా అంగట్లోని పనిముట్టులో ఒక అచ్చు చెడింది. బాగుచేసే చేతులు మా ఇంట్లోనే ఉన్నాయి, బాగుచేసుకునే హక్కు ఆ లైబ్రరీ రాసినవాళ్లు నాకు కాగితం మీద రాసిచ్చినారు. మధ్యలో ఉన్నవాళ్లు ఆ కాగితం చించేసి నాకు డబ్బా అమ్మినారు. వేమన పద్యాలు 1829లో అచ్చు వేసే ముందు బ్రౌన్ దొర ఎక్కడెక్కడి తాళపత్ర ప్రతులో తెప్పించి పండితుల చేత పోల్పించినాడు. ప్రతులు దొరికినాయి కాబట్టే తప్పులు దిద్దగలిగినాడు. నాకు ఆ ప్రతి దొరకడం లేదు.

ఇట్లాంటి గొడవలు పెద్ద కంపెనీలతోనూ జరిగినాయి. 2003లో లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటరు లోపల జీపీఎల్ కింద వచ్చిన లినక్స్ ఉందని కనిపెట్టి జనం సోర్స్ అడిగితే, కంపెనీ చివరికి ఇచ్చింది. ఆ కోడు మీదే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రౌటర్ల సాఫ్ట్‌వేర్ మొదలైంది. అడిగినవాళ్లు పట్టు వదలకపోవడం వల్ల ఎన్నో రౌటర్లకు కొత్త ప్రాణం వచ్చింది. 2004లో జర్మనీలో మ్యూనిక్ కోర్టు జీపీఎల్ షరతులు పాటించకుండా అమ్మడాన్ని ఆపమని ఆదేశం ఇచ్చింది. అక్కడ కోర్టుకు పోయిన హారల్డ్ వెల్టె ఆ కేసులోని కోడు రాసినవాళ్లలో ఒకడు. నేను రాసినవాణ్ణి కాదు, వాడేవాణ్ణి. మన కాపీరైటు చట్టం, అంటే 1957 చట్టం, కంప్యూటర్ ప్రోగ్రాంను సాహిత్య రచన కిందే లెక్కవేస్తుంది. నాకు ఆ మాట బాగా నచ్చింది. రచయిత పేరు తీసేసి పుస్తకం అచ్చు వేయమని ఎవరైనా వస్తే నేను మా అంగట్లో వేయను. ప్రోగ్రాంకు మాత్రం వేరే న్యాయం ఏంటికి?

లైసెన్సులో ఇంకో మాట ఉంది, అది చదివినాక కొంచెం ధైర్యం వచ్చింది. షరతులు తప్పి పంచినవాడికి ఆ లైబ్రరీని పంచే హక్కు దానంతట అదే పోతుంది. వాడి దగ్గర తీసుకున్నవాళ్లు తాము షరతులు పాటిస్తున్నంత కాలం వాళ్ల హక్కులు పోవు. అంటే ఈ 43 పేర్లను సరిచేసుకునే హక్కు నాకు ఇప్పటికీ ఉంది.

కొనబోయేవాళ్లకు ఒక సలహా. డెమో చూపించేటప్పుడు వాళ్లు తెచ్చిన పేర్లు కాకుండా మీ ఊరి పేర్లు టైపు చేయించండి. మస్తాన్‌వలి, చాంద్‌బాషా, ప్రదీప్‌రెడ్డి. పొల్లు నిలబడిందా లేదా చూడండి. తర్వాత ఫోల్డర్ తెరిపించి లైసెన్సు ఫైళ్లు ఎక్కడున్నాయో అడగండి. లిబ్ అని మొదలయ్యే డీఎల్‌ఎల్‌లు ఉండి, పక్కన లైసెన్సు కాగితం ఒక్కటీ లేకుంటే, ఎవరి లైబ్రరీలు వాడినారు, సోర్స్ ఎట్ల ఇస్తారు అని బిల్లు మీదే రాయించుకోండి. రాయనంటే డబ్బులు కట్టొద్దు. కొన్ని లైబ్రరీలకు, ఉదాహరణకు హార్ఫ్‌బజ్‌కు, సోర్స్ ఇవ్వాలనే షరతు లేదు, కాపీరైటు మాట, లైసెన్సు మాట ఉంచితే చాలు. అన్నిటికీ ఒకే రూలని వాదించొద్దు, మన మాట తేలిపోతుంది.

వేగానికి, ఫోటో కత్తిరింపుకు అయిదుకు నాలుగు ఇస్తాను. ఇన్‌స్టాల్ చేసిన పిల్లోడికి అయిదుకు అయిదు. తెలుగు పేర్లకు ఒకటి. లైసెన్సు విషయంలో సున్నా. ఇంగ్లీషులో మాత్రమే కార్డులు వేసే స్కూళ్లకు ఇది ఇప్పటికీ పనికొస్తుంది, ఆ మాట దాచను.

ప్రస్తుతానికి నేను చేస్తున్న పని ఇది: ఎక్సెల్‌లో 200సి ఉన్న పేర్లను వేరే షీటులోకి తీసి, ఒక్కొక్కటీ ఇంక్‌స్కేప్‌లో రాసి, బొమ్మగా మార్చి, కార్డు మీద పేరు చోట అతికిస్తున్నాను. పేరుకు మూడు నిమిషాలు. మొన్న ఇంకో స్కూలు వాళ్లు వచ్చే జూన్‌కు తొమ్మిది వందల కార్డులు కావాలని లిస్టు పంపినారు. అందులో పొల్లు పేర్లు 71. కంపెనీకి నిన్న ఇంకో ఈమెయిల్ పెట్టినాను, ఆ 71 పేర్లూ జత చేసి. మార్చిన పాంగో సోర్స్ వచ్చిన రోజు ఈ సమీక్షలో ఆ సున్నా తీసేసి కొత్త మార్కు వేస్తాను.